బియ్యం కనబడాలి

ఆడిటర్లు ఒక్క అభ్యంతరం కూడా రాయని ఏడాది నా ఉద్యోగంలో ఒక్కటే ఉంది. ఆ ఏడాది నా జీతం పెరిగింది, శాలువా కప్పారు, డైరెక్టరుగారు నలుగురిలో నా భుజం తట్టారు. ఆ ఏడాది గుర్తొస్తే ఇప్పటికీ ఎవరి ముఖంలోకీ చూడబుద్ధి కాదు.

ఈ మధ్య మా కాలనీలో ఒక అమ్మాయి, సేవా సంస్థలో అకౌంట్స్ ఉద్యోగం వచ్చిందని మిఠాయి డబ్బా పట్టుకుని మా ఇంటికి వచ్చింది. "అంకుల్, మీరు చాలాకాలం చేశారు కదా, మీ అనుభవం జర చెప్పండి" అంది. మిఠాయి తిన్నాను గానీ అనుభవం చెప్పలేకపోయాను. నోరు రాలేదు. నోటికి రానిది చేతికి వస్తుందేమోనని ఇలా కూర్చున్నాను. ఆ అమ్మాయి చదివితే చాలు. ఇంకెవరైనా చదివితే మంచిదే.

మాది ఒక వ్యాపార కుటుంబం పెట్టిన ట్రస్టు. ఆఫీసు హనుమకొండలో. నేను ఫైనాన్స్ హెడ్‌ని. పుట్టింది కొత్తవాడలో, జంపఖానాలు నేసే ఇంట్లో. మగ్గం చప్పుడు మధ్యన కామర్సు చదివి, ముందు బ్యాంకులో, తర్వాత ఈ ట్రస్టులో చేరాను. లాభం కోసం కాకుండా మంచి కోసం లెక్కలు రాస్తున్నానని నాకు లోలోపల కొంచెం గర్వం ఉండేది. కొంచెమేమిటి, బాగానే ఉండేది.

అమ్మేవాళ్ళ దగ్గర లెక్క రాయడం తేలిక. అమ్మితే బిల్లు ఉంటుంది. దానం చేస్తే బిల్లు ఎక్కడిది? తీసుకున్న మనిషి ఉంటుంది, అంతే. ఆ మనిషినే బిల్లుగా మార్చడం నా ఉద్యోగం. వేలిముద్ర, ఆధార్ కాపీ, ఫోటో. అన్నీ ఉంటే దానం జరిగినట్టు. ఒక్కటి లేకపోయినా జరగనట్టే.

ములుగు అవతల అడవి పక్క ఊళ్ళలో, భర్త చనిపోయిన ఆడవాళ్ళకు నెలనెలా బియ్యం, పప్పు, నూనె ఇచ్చే కార్యక్రమం మాకు ఒకటి ఉండేది. జీపు వెళ్ళేది, సంచులు దింపేది. ఒక్కో ఆవిడ సంచి పక్కన నిలబడితే మా ఫీల్డ్ ఆర్గనైజర్ ఫోన్లో ఫోటో తీసేది. ఆర్గనైజరూ ఆ ప్రాంతపు మనిషే, నడివయసు ఆవిడ. తక్కువ మాట్లాడేది.

ఒకసారి ఆడిట్‌కి వచ్చిన కుర్ర ఆడిటరు ఆ ఫోటోలు తిరగేసి, కళ్ళద్దాలు తుడుచుకుని, "సార్, అన్ని సంచులూ కుట్టేసే ఉన్నాయి. లోపల బియ్యమే ఉన్నాయని ఈ ఫోటో చెప్పట్లేదు కదా. ఊక కూడా ఉండొచ్చు" అన్నాడు. అతను సరదాకే అన్నాడు. కానీ ఆ ముక్కని రిపోర్టులో రాశాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నన్ను ఊక పంచేవాడని ఎవరూ అనలేదు. నాకు రోషం వచ్చింది.

ఆ రోషంలోనే ఫీల్డ్ స్టాఫ్ అందరికీ ఒక సూచన పంపాను. ఇకమీద సంచి విప్పాలి. బియ్యం తీసుకునే మనిషికి పోస్తున్నట్టుగా ఫోటో ఉండాలి. దోసిట్లో పోస్తే ఒలికి వృథా అవుతాయి కాబట్టి చీర కొంగులో పోయాలి. చివర్లో విడిగా ఒక వాక్యం: బియ్యం కనబడాలి. రాసి, మళ్ళీ చదువుకుని, గింజ కూడా వృథా కాకుండా ఆలోచించానని మురిసిపోయాను. పైసల మనిషి బుద్ధి ఎక్కడికి పోతుంది?

రెండు మూడు రోజుల్లో ఆర్గనైజర్ ఫోన్ చేసింది.

"సారూ, కొంగు పట్టుమంటే ఆడోళ్ళు పడుతలేరు. గులుగుతాండ్రు."

"ఎందుకట? పోసేది బియ్యమే కదా?"

"బియ్యమే సారూ. గందుకే."

ఆ 'గందుకే' దగ్గర ఒక్క నిమిషం ఆగి, అంటే ఏమిటని అడిగి ఉంటే నేను ఇవాళ ఇది రాసే పని ఉండేది కాదు. నేను అడిగింది వేరు. "రేపు ఆడిటర్‌కి నువ్వు సమాధానం చెప్తావా?" అన్నాను. "సరే సారూ. పట్టిస్త" అని ఫోన్ పెట్టేసింది.

ఫోటోలు రావడం మొదలైంది. అద్భుతంగా ఉన్నాయి. తెల్లటి బియ్యం ధారగా కొంగులోకి పడుతున్నాయి. డైరెక్టరుగారికి అవి ఎంత నచ్చాయంటే, వరంగల్ నుంచి ఒక ఫోటోగ్రాఫర్‌ని వెంటబెట్టుకుని తానే ఒక ఊరికి వెళ్ళి తన చేతులతో బియ్యం పోశారు. వెలిసిపోయిన ఆకుపచ్చ చీర కట్టుకున్న ఒకావిడ రెండు చేతులా కొంగు పట్టి నిలబడింది. తల పూర్తిగా కిందికి వంచింది. "చూశారా, ఎంత వినయం! ఎంత కృతజ్ఞత!" అని డైరెక్టరుగారు ఆ ఫోటోని మాకందరికీ చూపించారు. మంచి మనిషే. ఆయన పెరిగింది ఇక్కడ కాదు. ఆ సాకు ఆయనకుంది, నాకు లేదు.

వర్షాకాలం మొదట్లో ట్రస్టీలు వస్తున్నారంటే ఆ ఫోటోని బ్రోచరు మీద వేశారు, పెద్ద ఫ్లెక్సీలు కొట్టించారు. ఒకటి మా ఆఫీసు గేటు దగ్గర, ఒకటి ములుగు బస్టాండు దగ్గర. కింద ఎర్ర అక్షరాలతో 'మీ దయతో నిండిన ఒడి' అని రాయించారు. ఆ ఫ్లెక్సీ బిల్లు మీద సంతకం నాదే.

బ్రోచరు ఇంటికి తెచ్చి, భోజనానికి కూర్చుంటూ మా ఆవిడ ముందు పడేశాను. మెచ్చుకుంటుందని. ఆవిడ గరిటె పట్టుకునే ఆ బొమ్మని చూసింది. చూసి గరిటె కింద పెట్టింది.

"ఇదేంది? గీమెకు మొగడు లేడు గదా?"

"లేడు. అలాంటివాళ్ళకే మేం ఇచ్చేది."

"మరి ఒడిబియ్యం ఎట్ల పోస్తాండ్రు?"

నాకు అన్నం ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

ఇక్కడివాళ్ళకు చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళ కోసం చెప్తాను. మా వైపు పెళ్ళయిన ఆడబిడ్డను అయిదేళ్ళకో ఏడేళ్ళకో తల్లిగారింటికి పిలిచి, పీట మీద కూర్చోబెట్టి, పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు ఆమె ఒడిలో పోస్తారు. తల్లిదండ్రులు లేకపోతే అన్నదమ్ములు పోస్తారు. ఆమె ఆ మూట అత్తగారింటికి తీసుకెళ్ళి వండి నలుగురికీ పెడుతుంది. నాకింకా పుట్టిల్లుంది, నా వెనక మనుషులున్నారు అని అత్తగారి ఊరంతటికీ చెప్పడం అది. భర్త పోయిన ఆడవాళ్ళకు పోయరు. ఆ రోజుతో ఒడి మూసుకుపోతుంది.

ఇవన్నీ నాకు తెలియనివి కావు. మా అక్కకు ఒడిబియ్యం పోసినప్పుడల్లా నాన్న సొంతంగా నేసిన జంపఖానా పరిచేవాళ్ళు. నాన్న పోయాక ఆ జంపఖానా మీదే కూర్చోబెట్టి నేనే పోశాను. కొంగు చివరలు ఎలా పట్టుకుంటారో, ఆ సమయంలో అక్క ముఖం ఎలా వెలిగిపోతుందో నాకు తెలుసు.

"నీకు తెల్వదా?" అంది మా ఆవిడ.

"తెలుసు."

"మరి?"

ఆఫీసు మెట్ల కింద చెప్పులు విడిచినట్టు నాకు తెలిసినవన్నీ అక్కడే విడిచి లోపలికి వెళ్ళేవాణ్ణేమో. లేచి చెయ్యి కడుక్కున్నాను.

మర్నాడు డైరెక్టరుగారికి చెప్పాలనుకున్నాను. చెప్పలేదు. ట్రస్టీలు వస్తున్నారు, బ్రోచర్లు అచ్చయిపోయాయి, సూచన నాది. దానికి తోడు నాలోని చదువుకున్నవాడు అడ్డం పడ్డాడు. భర్త పోతే ఒడి మూసేయడం ఏం న్యాయం, అలాంటి ఆచారం పోతేనే మంచిది కదా అని వాదించాడు. వాదన నిజమే. కాకపోతే ఆ ఆచారాన్ని తన కొంగులో పెట్టి పగలగొట్టమని ఆమె మమ్మల్ని అడగలేదు. నెలకి సరిపడా బియ్యం కోసం వచ్చి నిలబడింది, అంతే.

ఆ వారంలోనే ఆమె వచ్చింది.

వాచ్‌మన్ ఎవరో ఆవిడ మూటతో వచ్చిందని చెప్తే లోపలికి పంపమన్నాను. అదే ఆకుపచ్చ చీర. నెత్తిమీది మూట దింపి నా బల్ల పక్కన పెట్టి, కూర్చోకుండా నిలబడే మాట్లాడింది.

"సారూ, గీ బియ్యం మీయే. మర్ల ఇద్దామని వచ్చిన. గింజ ముట్టలే."

"ఎందుకమ్మా?"

"మా అన్న యూరియా బస్తాల కోసం ములుగు పోయిండు. బస్టాండు కాడ నా బొమ్మ చూసిండట. గంత పెద్దగ. కింద ఒడి నిండిందని రాసి ఉన్నదట గదా. ఇంటికి రాలే. మనిషితోని చెప్పి పంపిండు. అన్న బతికుండంగ ఆఫీసోళ్ళు ఒడి నింపిరి, గిప్పటికెల్లి గదే నీ తల్లిగారిల్లు, ఆడికే పో అన్నడు."

ఆమె ఆగి, మళ్ళీ అందుకుంది.

"నా చేనుకు అరక తోలేది ఆయనే సారూ. పత్తి మొలిచింది, దానెంబడి గడ్డీ మొలిచింది. గుంటుక కొట్టకుంటే చేను పోతది. అన్న వస్తలేడు. చేను పోతే ఒక్క ఏడు పోతది, ఎట్లనన్న ఎల్లదీస్త. అన్న పోతే మళ్ళ యాడ తెచ్చుకోవాలె? గీ బియ్యం మీరు తీసుకుంటే, మర్ల ఇచ్చిన, నేను వాళ్ళ ఆడబిడ్డను కాదు, నీ చెల్లెనే అని పోయి చెప్తా. గా బొమ్మ కూడ జర తీపియ్యండ్రి."

ఆమె అడిగినవి రెండే. బియ్యం తీసుకోవాలి, బొమ్మ తీయాలి. నేనేమన్నానో వినండి.

"ఇచ్చింది వెనక్కి తీసుకునే పద్దు మా దగ్గర లేదమ్మా."

"పద్దు అంటే ఏంది సారూ?"

"అంటే... లెక్కలో దానికి చోటు లేదు."

ఆమె ఆఫీసంతా ఒకసారి చూసింది. ఏసీ, గాజు తలుపులు, అవతల వరుసగా బల్లలు. "గింత పెద్ద ఆఫీసుల గిన్ని బియ్యానికి జాగ లేదా?" అంది. వెటకారం కాదు, నిజంగానే అడిగింది.

ఫ్లెక్సీ ట్రస్టీలు వచ్చి వెళ్ళాక తీయిస్తానన్నాను. అప్పటిదాకా ఓపిక పట్టమన్నాను. గడ్డి ఓపిక పట్టదని నాకు తెలియదా? ఆమె ఇక అడగలేదు. మూట మళ్ళీ నెత్తికెత్తుకోబోతే వాచ్‌మన్ వచ్చి చెయ్యి వేశాడు. నేను కుర్చీలోంచి లేవలేదు. అంత దూరం నుంచి బస్సులో వచ్చిన మనిషిని మంచినీళ్ళు తాగమని కూడా అనలేదు. కిటికీలోంచి చూస్తే, గేటు దగ్గర తన బొమ్మ కిందనుంచే నడిచి వెళ్ళింది. తల ఎత్తి చూడలేదు.

ట్రస్టీలు వచ్చారు. ఆడిట్ రిపోర్టు చదివారు. ఒక్క అభ్యంతరం లేదు. "బియ్యం కనబడాలి అని రాసింది ఈయనే" అని డైరెక్టరుగారు నన్ను ముందుకు పిలిచి జరీ శాలువా కప్పించారు. చప్పట్లు కొట్టారు. నేను నవ్వుతూ నమస్కారం పెట్టాను. నా సిగ్గులో పెద్ద వాటా ఆ నవ్వుదే.

ఆ సాయంత్రమే రెండు ఫ్లెక్సీలూ తీయించాను. ఇంటికి వచ్చి జరిగిందంతా మా ఆవిడకు చెప్పాను. నన్ను తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. "నాకెందుకు చెప్తాన్నవ్? నేను ఆమె అన్ననా?" అంది.

మర్నాడు జీపు తీయించి, ఆర్గనైజర్‌ని వెంటబెట్టుకుని బయలుదేరాను. ములుగు దాటాం. అడవి మొదలయ్యాక ఆమె, "గా దినం గందుకే అన్న సారూ" అంది.

"నేను అడగలేదు" అన్నాను.

"నేను కూడ గట్టిగ చెప్పలే. నౌకరి పోతదని బుగులైంది."

ఆమె బుగులుకి కారణం కూడా నేనే.

అన్న ఇల్లు చెల్లెలి ఊరికి పక్క ఊళ్ళోనే. వాకిట్లో కలుపు తీసే గుంటుకకి పట్టీ బిగిస్తున్నాడు. మేం ఎవరమో చెప్పగానే ముఖం గంటు పెట్టుకున్నాడు. అయినా మంచం వాల్చి కూర్చోమన్నాడు, లోపలినుంచి చెంబుతో నీళ్ళు తెప్పించాడు. ఆయన చెల్లెలికి నేను ఇవ్వని నీళ్ళు అవి.

"కొంగు పట్టించమని రాసింది నేను. మీ చెల్లెలి తప్పు ఏమీ లేదు" అన్నాను.

"అది నా చెల్లె. దాని తప్పు ఉంటదని నేను ఎన్నడనుకుంట?" అన్నాడు. మళ్ళీ పట్టీ అందుకున్నాడు. "మా బావ పోయినంక అది ఏం తింటాందని నేను ఒక్కనాడు అడగలే సారూ. నా అప్పులు, నా ఫికర్లు నాకు. ఉత్తగ అరక తోలి వచ్చేటోన్ని. మీ బొమ్మ కాడ నిలబడ్డోళ్ళందరు బొమ్మను చూసి నా దిక్కు చూసిండ్రు. దాని ముఖం చూసుడు ఎట్లనో సమజ్ కాక గట్ల చెప్పి పంపిన."

కోపం అనుకుని వచ్చాను. ఆయనదీ సిగ్గే. నేను రాసిన ఒక్క వాక్యానికి ఎన్ని ఇళ్ళల్లో తలలు వంగాయో నాకప్పుడు అర్థమైంది.

"అది బియ్యం తెచ్చి ఇస్తే తీసుకోలేదట?" అన్నాడు.

"తీసుకోలేదు" అన్నాను.

"ఇచ్చేటప్పుడు జిల్లా అంత చూపెడితిరి. తీసుకునేటప్పుడు జాగ లేదంటిరి."

"ఇప్పుడు తీసుకుంటాను."

"తీసుకుంటే ఊరి ముందట తీసుకోండ్రి. నేను కూడ వస్త" అని, ఎడ్లను విప్పి అరక కట్టాడు.

మేం ముందు వెళ్ళాం. ఆమె ఇంటి ముందు నల్లా దగ్గర ఆడవాళ్ళు బిందెలు పెట్టుకుని ఉన్నారు. జీపు ఆగగానే అందరూ ఇటు తిరిగారు. ఆమె బయటికి వచ్చి, నన్ను చూసి, తలుపు దగ్గరే ఆగిపోయింది.

"ఆ బియ్యం ఇవ్వమ్మా. వెనక్కి తీసుకోవడానికి వచ్చాను" అన్నాను. నలుగురికీ వినబడేలాగే అన్నాను.

ఆమె లోపలికి వెళ్ళి మూట తెచ్చింది. నేను అందుకోబోతే, "గుడ్డ నాది సారూ. సంచి ఉంటే పట్టుండ్రి" అంది. జీపులో సంచి లేదు. ఎన్నో ఊళ్ళకు సంచులు మోసిన జీపులో ఆ రోజు ఒక్క ఖాళీ సంచి లేదు. వెనక సీటు మీద, ముందురోజు సభ నుంచి వస్తూ నేను వదిలేసిన శాలువా మడత పెట్టి ఉంది. అదే తెచ్చి పరిచి, నాలుగు మూలలూ పట్టుకోవడం చేతగాక నిలబడ్డాను.

"గట్ల కాదు సారూ, ఒలుకుతయి. కొంగు పట్టినట్టు పట్టుండ్రి" అంది ఆమె. ఆ మాటలో ఏ దెప్పూ లేదు. బియ్యం ఒలికిపోకూడదని చెప్పింది, నేను సూచనలో రాసినట్టే.

పట్టాను. నడివీధిలో, ప్యాంటూ చొక్కా వేసుకున్న ఫైనాన్స్ హెడ్‌ని, జరీ శాలువాని నడుము దగ్గర ఒడిలా పట్టుకుని నిలబడ్డాను. ఆమె పోసింది. అక్కడక్కడ పురుగు పట్టిన తెల్ల బియ్యం. నల్లా దగ్గరివాళ్ళు ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే కొంత తేలికపడేవాణ్ణి. ఆర్గనైజర్ అలవాటుగా ఫోన్ పైకెత్తింది. నా ముఖం చూసి మళ్ళీ దించేసింది. నా తల దానంతటదే కిందికి వంగింది. ఆ బొమ్మలో ఆమె తల ఎందుకు అంతలా వంగిందో అప్పుడు తెలిసింది. అది వినయమూ కాదు, కృతజ్ఞతా కాదు.

అంతలో అన్న అరకతో వచ్చాడు. నా వైపు చూడలేదు. చెల్లెలికి ఎదురుగా ఎడ్లను ఆపి, ఏ దిక్కో చూస్తూ, "గుంటుక ఏ మూలకెల్లి పెట్టుమంటవ్?" అన్నాడు. ఆమె ఖాళీ గుడ్డని ముఖానికి అడ్డం పెట్టుకుని, "నీకు తెల్వదా? ఏడు ఏడు నువ్వేనాయె పెట్టేది" అంది. అని ఏడ్చింది.

ఆ తర్వాత సూచన మార్చాను. సంచి విప్పవద్దు, ఫోటో వద్దు, వేలిముద్ర చాలు అని రాశాను. మరుసటి ఏడాది ఆడిటరు మళ్ళీ అభ్యంతరం రాశాడు. రాయనిచ్చాను. నేను రిటైరయ్యేదాకా రాస్తూనే ఉన్నాడు. ఎందుకు మార్చానో మాత్రం డైరెక్టరుగారికి చెప్పే ధైర్యం చివరిదాకా రాలేదు. అమ్మాయీ, నాకు తెలిసిన అనుభవం ఇంతే. మిఠాయికి ఇది సరిపోదు.

ఆ రోజు తిరిగి వస్తుంటే జీపులో ఆర్గనైజర్ అడిగింది.

"సారూ, గీ బియ్యం ఎందుల రాయాలె?"

"ఎందులోనూ రాయకు" అన్నాను.

పుస్తకాల్లో అవి ఇప్పటికీ ఆమెకు ఇచ్చినట్టే ఉన్నాయి. రుజువుగా ఫోటో కూడా ఉంది. వెనక సీట్లో బోలెడు చోటున్నా, హనుమకొండ వచ్చేదాకా ఆ బియ్యాన్ని నేను ఒళ్ళోనే పెట్టుకుని కూర్చున్నాను.